తేనెటీగలతో మందు మోయించే చిన్న కంపెనీల షేర్లు: ఏ లెక్క చూసి డబ్బు పెట్టాలి?

కోనసీమ_కెనడా (ప్రశ్న):

నమస్కారం అండి. మిసిసాగాలోని బీ వెక్టరింగ్ టెక్నాలజీస్ లాంటి కంపెనీల గురించి అడుగుతున్నాను. పూత మీద మందు పిచికారీ చేసే బదులు ఈగల పెట్టె గుమ్మంలో పొడి పెడతారు. బయటికి వెళ్ళే ఈగ ఒంటికి ఆ పొడి అంటుకుని పువ్వు పువ్వుకీ చేరుతుంది. 2019 ఆగస్టులో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వీళ్ళ సీఆర్-7 శిలీంధ్రానికి అనుమతి ఇచ్చింది. ఈగలు మోసే తెగులు మందుకి అక్కడ అదే మొదటి అనుమతి.

తెలుసుకోవాలనుకున్నవి మూడు. ఇది పొలంలో ఎంతవరకు పనిచేస్తుంది, ఎక్కడ దెబ్బతింటుంది? కంపెనీ "దిగుబడి పెరిగింది" అని ప్రకటిస్తే నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి? సెంట్లలో నడిచే ఇలాంటి షేరు విషయంలో ఏ కాగితం ముందు తెరవాలి? పెట్టాలనుకున్నది 5 వేల కెనడా డాలర్లు, లాభం మీద పన్ను పడని టీఎఫ్‌ఎస్‌ఏ ఖాతాలో. కొనమనో వద్దనో చెప్పక్కర్లేదు, లెక్క ఎలా వేయాలో చెప్పండి చాలు.


మొక్కల_వైద్యం:

మొదటి రెండిటికీ నేను చెబుతాను.

స్ట్రాబెర్రీ పండు మీద కనిపించే బోట్రైటిస్ బూజు పండు దశలో వచ్చింది కాదు. పువ్వు విచ్చుకున్నప్పుడే లోపలికి వెళ్ళి, పండు తీపి పట్టేదాకా దాక్కుంటుంది. అందుకే రైతు మందు కొట్టేది పూతకి. సీఆర్-7 అనేది క్లోనోస్టాకిస్ రోజియా అనే శిలీంధ్రంలో ఒక రకం. అది బోట్రైటిస్‌ని విషం పెట్టి చంపే మందులాంటిది కాదు. రేకుల్లో, కేసరాల్లో ముందే చేరి కాపురం పెడుతుంది. బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకోవడం అనుకోండి. రేకులు వాడిపోయే సమయానికి బోట్రైటిస్‌కి అక్కడ చోటు మిగలదు. దీన్నిబట్టే దాని బలహీనత కూడా అర్థమవుతుంది: తువ్వాలు ముందు పడాలి. తెగులు పట్టిన తర్వాత పొడి చేరినా లాభం లేదు.

ఇది కొత్త ఊహ కూడా కాదు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వాళ్ళు తేనెటీగలతో స్ట్రాబెర్రీ పూతకి ఇదే జాతి శిలీంధ్రాన్ని మోయించిన ప్రయోగం 1992లో అచ్చయింది. ఫిన్లాండ్‌లో ప్రెస్టాప్-మిక్స్ అనే పొడిని స్ట్రాబెర్రీ తోటల్లో తేనెటీగలతో మోయిస్తున్నారు. అందులోని శిలీంధ్రమూ సీఆర్-7కి దగ్గరి చుట్టమే. బెల్జియం కంపెనీ బయోబెస్ట్ 'ఫ్లయింగ్ డాక్టర్స్' పేరుతో ఇలాంటి పెట్టెలనే తెచ్చింది. అంటే శాస్త్రానికి 30 ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళయినా ఇది పెద్ద వ్యాపారం ఎందుకు కాలేదు అని అడగాలి. జవాబు పొలంలోనే ఉంది.

బోట్రైటిస్‌కి కావలసింది తడిసిన పువ్వు, 15 నుంచి 25 డిగ్రీల వేడి, ముసురు. ఈగకి కావలసింది పొడి గాలి, ఎండ. తేనెటీగ సుమారు 12-13 డిగ్రీల కింద బయటికి రావడానికి ఇష్టపడదు. బంబుల్ బీ (మన తుమ్మెదని పోలిన బొద్దు ఈగ) ఇంకా చల్లగా ఉన్నా, మబ్బు పట్టినా తిరుగుతుంది కాబట్టే ఈ కంపెనీలు దానివైపు మొగ్గాయి. కానీ వాన కురుస్తుంటే అదీ ఆగిపోతుంది. మూడు రోజులు ముసురు పడితే ఆ మూడు రోజుల్లో విచ్చుకున్న పువ్వులన్నీ పొడి లేకుండానే ఉండిపోతాయి. తెగులు ఎక్కువగా అంటుకునేదీ ఆ రోజుల్లోనే. అందుకే రైతు పిచికారీని పూర్తిగా మానడు. నాలుగైదు సార్లు కొట్టేది రెండు సార్లకి తగ్గిస్తాడేమో. "రసాయన మందులకి ప్రత్యామ్నాయం" అని ప్రకటనలో ఉంటే మీరు "కొన్ని పిచికారీలు తగ్గుతాయి" అని చదువుకోండి. కంపెనీ ఎకరానికి ఎంత వసూలు చేయగలదన్నది ఆ తేడా మీదే ఆధారపడుతుంది.

రెండో ఇబ్బంది పొడితోనే. పెట్టెలోంచి బయటికి పోయే దారి, లోపలికి వచ్చే దారి వేరుగా ఉండాలి. పోయే దారిలోనే పొడి ట్రే ఉంటుంది. రెండూ కలిస్తే ఈగలు పొడిని తిరిగి లోపలికే మోసుకుపోతాయి. తేమకి పొడి గడ్డకడితే ఒంటికి అంటదు. ట్రేలో పొడి రోజురోజుకీ తరుగుతుంది. ప్రెస్టాప్-మిక్స్ లాంటిదైతే తేనెటీగల పెట్టెకి రోజూ కొన్ని గ్రాములు పోస్తుండాలి. తోటలో ఆ పని ఎవరిది? రైతు కూలీదైతే రెండో వారానికి మరిచిపోతారు. కంపెనీ మనిషే వచ్చి మార్చేటట్లయితే ప్రతి తోటకీ తిరిగే ఖర్చు కంపెనీ నెత్తినే. బంబుల్ బీ పెట్టె ఆయుష్షు కూడా కొన్ని వారాలే. ఫ్లోరిడా స్ట్రాబెర్రీలాగా నెలల తరబడి పూసే పంటలో ఒక సీజన్‌కి ఒక పెట్టె సరిపోదు.

మూడోది పక్క పూలు. ఈగకి చేను గట్టు తెలియదు. పక్కనే ఇంతకన్నా తేనె ఉన్న పువ్వు ఉంటే అటే పోతుంది, పొడీ అటే పోతుంది. నాలుగోది, అదే తోటలో కొట్టే శిలీంధ్రనాశిని సీఆర్-7నీ చంపగలదు, ఇదీ శిలీంధ్రమే కదా. ఏ మందు తర్వాత ఎన్ని రోజులు ఆగాలో చెప్పే పట్టిక కంపెనీ దగ్గర ఉందో లేదో అడగండి.

ఇక దిగుబడి మాట. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. ఈగల పెట్టె పెట్టిన మడిలో కాయ పెరిగింది, పెట్టని మడిలో పెరగలేదు అంటే, ఆ పెరుగుదల పరాగ సంపర్కం వల్ల వచ్చిందా, శిలీంధ్రం వల్ల వచ్చిందా? రెండూ ఈగే చేస్తుంది. విడదీయాలంటే ఖాళీ ట్రే పెట్టిన ఈగల మడి ఒకటి ఉండి తీరాలి. అంటే ఏమీ లేని మడి, ఖాళీ ట్రే ఈగల మడి, పొడి ట్రే ఈగల మడి, రైతు మామూలుగా మందు కొట్టే మడి. ఈ నాలుగూ లేని ప్రయోగాన్ని నేను లెక్కలోకి తీసుకోను. పైగా ఈగలు వందల మీటర్లు ఎగురుతాయి కాబట్టి పక్కపక్క మడులు పనికిరావు. దూరంగా పెట్టాలి, లేదా వలలు కట్టాలి. పువ్వులు కోసి ల్యాబ్‌లో కడిగి, ఎన్నిటి మీద శిలీంధ్రం చేరిందో లెక్కించారా? సగం పూలకి కూడా చేరకపోతే మిగతా ఫలితాలని అనుమానంగానే చూడాలి.

బ్లూబెర్రీ గురించి ఒక మాట. మమ్మీ బెర్రీ తెగులు పుప్పొడి వెళ్ళే దారిలోనే, కీలాగ్రం మీదుగా కాయలోకి పోతుంది. తెగులు పట్టిన లేత చిగురు అతినీలలోహిత కాంతిని పరావర్తనం చేసి, తియ్యటి రసం కార్చి పురుగులని పిలుస్తుంది. ఈగలు ఆ తెగుల్నే పువ్వులకి మోస్తాయి. అదే కాళ్ళతో విరుగుడునీ మోయించాలన్న ఆలోచన నాకు ఈ రంగంలో అన్నిటికన్నా అందంగా కనిపిస్తుంది. స్ట్రాబెర్రీకన్నా బ్లూబెర్రీలో ఈ వ్యాపారానికి ఎక్కువ ఆశ ఉందని నా అభిప్రాయం. ఎందుకంటే అక్కడ రైతు ఎలాగూ ఈగల పెట్టెలకి డబ్బు ఇస్తున్నాడు. స్ట్రాబెర్రీ రైతుకి చాలా చోట్ల పెట్టె అనేదే కొత్త ఖర్చు.


పద్దు_పుస్తకం:

మూడో ప్రశ్నకి నేను. కెనడా కంపెనీలు తమ లెక్కలు దాఖలు చేసే సెడార్ ప్లస్ సైటులో కంపెనీ పేరు కొట్టి రెండు కాగితాలు దింపుకోండి: తాజా త్రైమాసిక లెక్కలు, వాటితో వచ్చే ఎండీ అండ్ ఏ (ఆ లెక్కల మీద యాజమాన్యం రాసే వివరణ). పత్రికా ప్రకటనలు తర్వాత చదవొచ్చు.

మొదట చూడాల్సింది చేతిలో ఎన్ని నెలల నగదు ఉందో. నగదు ప్రవాహ పట్టికలో 'కార్యకలాపాలకి వాడిన నగదు' తీసుకుని నెలకి ఎంతో కట్టండి. ఉదాహరణకి చేతిలో 9 లక్షలు, తొమ్మిది నెలల్లో 18 లక్షలు ఖర్చు అనుకుంటే, నెలకి 2 లక్షలు, అంటే నాలుగున్నర నెలలు. ఆ లోపు మళ్ళీ షేర్లు అమ్మాల్సిందే. లెక్కల నోట్లలో 'గోయింగ్ కన్సర్న్' అనే పేరా ఉంటుంది. కొత్త డబ్బు రాకపోతే కంపెనీ నడవడం అనుమానమే అని అందులో రాస్తారు. చిన్న కంపెనీలన్నిటికీ ఉండేదే కదా అని దాటేయకండి, నిరుటికీ ఈ ఏటికీ అందులో ఏ వాక్యం మారిందో పక్కపక్కన పెట్టి చూడండి.

తర్వాత వాటా పలచబడే లెక్క. ఇది ఊహ లెక్కే, కానీ ఈ మార్కెట్‌లో నడిచే తీరు ఇదే. కంపెనీకి 10 కోట్ల షేర్లు, ధర 10 సెంట్లు. మీ దగ్గర 10 లక్షల షేర్లు, అంటే 1 శాతం. కంపెనీ 20 లక్షల డాలర్లకి 10 సెంట్ల చొప్పున 2 కోట్ల యూనిట్లు అమ్మింది. యూనిట్ అంటే ఒక షేరు, దానితో అర వారంట్. వారంట్ అంటే ముందే రాసుకున్న ధరకి, గడువు లోపు కొత్త షేరు కొనుక్కునే హక్కు. మీ వాటా 0.83 శాతానికి దిగింది. మరుసటి ఏడాది ధర 5 సెంట్లకి పడితే అదే 20 లక్షలకి 4 కోట్ల యూనిట్లు అమ్మాలి. షేర్లు 16 కోట్లు, మీ వాటా 0.625. పాత కొత్త వారంట్లు 3 కోట్లూ షేర్లుగా మారితే 0.53. అంటే కంపెనీ విలువ మీరు కొన్నప్పటిదానికి దాదాపు రెట్టింపైతే మీరు పెట్టింది మీకు తిరిగొస్తుంది, అంతే. కాబట్టి షేర్ల సంఖ్య చూసేటప్పుడు వారంట్లు, ఆప్షన్లు, షేర్లుగా మారే అప్పులు అన్నీ కలిపి చూడండి.

ప్రైవేటుగా అమ్మిన యూనిట్లని సాధారణంగా నాలుగు నెలల ఒక రోజు దాకా అమ్మకూడదు. ఆ గడువు తీరే తేదీని రాసిపెట్టుకోండి. యూనిట్ కొన్నవాళ్ళలో చాలామంది వారంట్ ఉంచుకుని షేరు అమ్మేస్తారు, ఆ వారం ధర ఒత్తిడికి లోనవుతుంది. మీరు బజార్లో కొంటే వారంట్ రాదు. ఇప్పటికే ఆ కంపెనీ షేర్లున్నవాళ్ళకి కెనడాలో 12 నెలల్లో 15 వేల డాలర్ల దాకా ఇలాంటి ప్లేస్‌మెంట్‌లో పాల్గొనే మినహాయింపు ఉంది. దాన్ని కంపెనీ ఈసారి ఇస్తోందో లేదో ప్రకటన చివరి పేరాల్లో ఉంటుంది.

అప్పుల నోటు వదలొద్దు. పేటెంట్లని, ఆ శిలీంధ్రం హక్కుల్ని తాకట్టు పెట్టి అప్పు తెచ్చారా? ఇలాంటి కంపెనీకి వేరే ఆస్తి ఏముంటుంది? చెల్లించలేకపోతే పేటెంట్ అప్పిచ్చినవాడిది, షేర్‌హోల్డరుకి మిగిలేది ఏమీ ఉండదు. అలాగే ఖర్చుల పట్టికలో 'ఇన్వెస్టర్ రిలేషన్స్' వరుసనీ పరిశోధన వరుసనీ పోల్చండి. పొలంలో ప్రయోగాలకన్నా షేరు ప్రచారానికి ఎక్కువ ఖర్చు పెట్టే కంపెనీని అక్కడే వదిలేస్తాను.

కొనేటప్పుడు లిమిట్ ఆర్డరే (ఇంతకి మించి ఇవ్వను అని ధర చెప్పే ఆర్డర్) పెట్టండి. కెనడాలో 50 సెంట్ల లోపు షేరు ధర అర సెంటు చొప్పున కదులుతుంది. 3 సెంట్ల షేరులో ఒక్క మెట్టంటే దాదాపు 17 శాతం. మార్కెట్ ఆర్డర్ పెడితే కొన్న క్షణమే అంత పోవచ్చు.

టీఎఫ్‌ఎస్‌ఏ అన్నారు. అందులో నష్టం వస్తే పన్నులో చూపించలేరు, పోయిన సొమ్ము మేరకి ఖాతాలో చోటూ తిరిగి రాదు. మామూలు ఖాతాలో అయితే ఆ నష్టాన్ని మూడేళ్ళు వెనక్కి, ముందుకి ఎంతకాలమైనా లాభాలకి ఎదురు పెట్టుకోవచ్చు. కంపెనీ దివాలా తీసి షేరు అమ్మే దారి లేకపోయినా, ఆదాయపు పన్ను చట్టం 50(1) కింద రిటర్న్‌లో ఆ వెసులుబాటు ఎంచుకుని నష్టం చూపించవచ్చు. పది రెట్లు పెరిగితే టీఎఫ్‌ఎస్‌ఏ మంచిదే, కానీ పోయే అవకాశం ఎక్కువున్నదాన్ని అందులో పెట్టడం సరైన ఎంపిక అనిపించదు.


కోనసీమ_కెనడా:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలండి. ఖాళీ ట్రే మడి సంగతి అసలు తట్టలేదు. ఇంకొకటి అడుగుతాను. ప్రెజెంటేషన్లలో "మార్కెట్ ఇన్ని లక్షల ఎకరాలు" అని వేస్తారు. అందులో నిజంగా అందేది ఎంతని ఎలా తీసుకోవాలి?


ప్లాంట్‌సిటీ_తోటలు:

ఎకరాల లెక్కని పై నుంచి కోసుకుంటూ రావాలి.

అమెరికా స్ట్రాబెర్రీలో దాదాపు 90 శాతం కాలిఫోర్నియాది. అమెరికాలో ఎక్కువగా అమ్మే బంబుల్ బీ జాతి బాంబస్ ఇంపేషియెన్స్ తూర్పు వైపు జాతి, దాన్ని కాలిఫోర్నియాలో గ్రీన్‌హౌస్‌లలో తప్ప ఆరుబయట పెట్టనివ్వరు. ఓరెగన్‌లో అసలే రానివ్వరు. స్థానిక ఈగలకి దాని రోగాలు అంటుకుంటాయన్న భయం వాళ్ళది, ఆ భయం న్యాయమైనదే. అంటే అక్కడి ఎకరాలు కావాలంటే తేనెటీగల పెట్టెకి సరిపోయే ట్రే ఉండాలి. బంబుల్ బీ పెట్టెలతో చేసిన ప్రయోగాల ఫలితాలు చూపించి కాలిఫోర్నియా ఎకరాలు లెక్కలో కలిపితే ఆ అంకెని కొట్టేయండి.

ఈపీఏ అనుమతి ఒక్కటే చాలదు. ప్రతి రాష్ట్రంలోనూ మళ్ళీ నమోదు చేయాలి, కాలిఫోర్నియా అయితే తన పరిశీలన తానే చేస్తుంది. కాబట్టి పంట, రాష్ట్రం రెండూ కలిపి చూడాలి. లేబుల్ మీద ఆ పంట పేరు ఉందా, ఆ రాష్ట్రంలో నమోదు ఉందా, ఆ రాష్ట్రంలో ఆ ఈగకి అనుమతి ఉందా. ఈ మూడూ కలిసిన ఎకరాలే అసలు మార్కెట్. బాదం లాంటి పంటలో ఎకరానికి రెండు చొప్పున తేనెటీగల పెట్టెలు ఎలాగూ వస్తాయి కాబట్టి ఎకరాలు ఊరిస్తాయి. కానీ ఆ పెట్టెలు వేరే పెంపకందారుడివి. తన పెట్టె గుమ్మానికి ట్రే బిగించనివ్వమని అతన్ని ఒప్పించాలి. అతనికి డబ్బు ఇవ్వాలి, ఈగలు తగ్గితే ఎవరిది బాధ్యతో ఒప్పందంలో రాయాలి.

రైతు వైపు అవసరం మాత్రం నిజం. ఇక్కడ ఫ్లోరిడాలో బోట్రైటిస్ చాలా రకాల మందులకి లొంగడం మానేసింది. క్యాప్టాన్ లాంటి పాత మందుల మీదే భారం పడుతోంది. కాబట్టి ప్రయోగానికి ఐదెకరాలు ఇవ్వమంటే ఇచ్చే రైతులు దొరుకుతారు. అసలు చూడాల్సింది ఆ తర్వాత. ప్రయోగం చేసిన రైతు మరుసటి సీజన్ తన డబ్బుతో ఎన్ని ఎకరాలకి కొన్నాడు? ఐదెకరాలు ఐదుగానే ఉంటే, లేదా ఈ ఏడు వేరే కొత్త రైతుల పేర్లు మాత్రమే వినిపిస్తే, పొలం తీర్పు చెప్పేసినట్టే. "ఇన్ని కొత్త ప్రయోగాలు మొదలయ్యాయి" అన్న ప్రకటనలు పది వచ్చినా, "మళ్ళీ కొన్నవాళ్ళు ఇంతమంది" అన్న ఒక్క వాక్యంతో సమానం కావు. వాటాదారుల ఫోన్ కాల్‌లో సూటిగా ఇదే అడగండి. జవాబు అంకెలో రావాలి.

ఎకరం మీద మిగులు కూడా అడగండి. ఉదాహరణకి ఎకరానికి 120 డాలర్లు వసూలు చేసి, ఈగల పెట్టెలకి 60, పొడికి 15, ట్రేలు మార్చే మనిషికీ బండికీ 35 పోతే మిగిలేది 10. అలాంటప్పుడు ఎకరాలు పదింతలైనా ఆఫీసు జీతాలు గట్టెక్కవు. బంబుల్ బీ పెట్టెలు బయోబెస్ట్, కాపర్ట్ లాంటి పెద్ద పెంపకందార్ల దగ్గర్నుంచి కొనాలి, కొన్ని వారాల ముందే ఆర్డర్ పెట్టాలి. ఖర్చులో పెద్ద ముక్క వేరేవాళ్ళ చేతిలో ఉంటుంది, అందులో బయోబెస్ట్ తానే ఈ పద్ధతి అమ్మిన కంపెనీ. అందుకే ఇంతకన్నా మంచి దారి ఏమిటంటే, ఆ శిలీంధ్రాన్నే విత్తన శుద్ధికో మామూలు పిచికారీకో వాడేలా పెద్ద కంపెనీలకి లైసెన్స్ ఇవ్వడం. అలాంటి ఒప్పందంలో చేతికి ముందే ఎంత వస్తుంది, 'పరీక్షించే హక్కు' మాత్రమే ఇచ్చారా అన్నది చదవండి.

పూత కాలాన్ని బట్టి అమ్మకాలు రెండు త్రైమాసికాల్లోనే కుప్పపడతాయి. జార్జియా, ఫ్లోరిడా బ్లూబెర్రీ పూత చలికాలం చివర వస్తుంది. కాబట్టి ఒక త్రైమాసికాన్ని దాని ముందుదానితో పోల్చొద్దు, నిరుటి అదే త్రైమాసికంతో పోల్చండి.


హైదరాబాద్_మదుపు:

ఇండియాలోనూ అమెరికాలోనూ ఉన్న మనవాళ్ళు ఈ చర్చని చదువుతారు కాబట్టి రెండు విషయాలు కలుపుతున్నా.

అమెరికాలో ఉన్నవాళ్ళు ఇలాంటి కెనడా షేర్లని ఓటీసీలో (పెద్ద ఎక్స్ఛేంజీల బయట బ్రోకర్ల ద్వారా నడిచే మార్కెట్‌లో) కొంటారు. కంపెనీ లెక్కలు సకాలంలో బయటపెట్టకపోతే 2021 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న నిబంధన వల్ల అది ఎక్స్‌పర్ట్ మార్కెట్‌లోకి పడిపోతుంది. అక్కడ మామూలు మదుపరికి ధరలే కనిపించవు, కొనేవాడు దొరకడు. ఇంకోటి పీఎఫ్‌ఐసీ పన్ను నిబంధన. చేతిలో నగదు తప్ప పెద్ద ఆస్తి లేని విదేశీ కంపెనీ దాని కిందికి రావచ్చు, వస్తే 8621 ఫారం, గట్టి పన్ను. కొనకముందే కంపెనీ దీనిమీద ఏం చెప్పిందో చూసుకోండి.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఎల్ఆర్ఎస్ (విదేశాలకి డబ్బు పంపుకునే రిజర్వ్ బ్యాంకు పథకం) కింద ఏడాదికి 2,50,000 డాలర్లు పంపే వీలుంది. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీద మదుపుకి 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు, రిటర్న్‌లో సర్దుకోవచ్చు. షేరు ఎంత చిన్నదైనా రిటర్న్‌లో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్ఏ నింపాలి, అందులో లెక్క క్యాలెండర్ ఏడాదిది. 24 నెలలు దాటి అమ్మితే లాభం మీద 12.5 శాతం. 3 సెంట్ల షేరుకి బ్యాంకు చార్జీలు, మారకం తేడా, ఈ కాగితాలన్నీ కలిపితే 50 వేల రూపాయల మదుపు పెట్టడంలో అర్థం లేదు.


మొక్కల_వైద్యం:

పెద్ద కంపెనీల దారి అడిగేవాళ్ళకి: కాపర్ట్ లిస్ట్ కాలేదు. ప్రెస్టాప్ వెనకున్న లాలెమాండ్ కూడా అంతే. బయోబెస్ట్‌లో వాటా ఉన్న ఫ్లోరిడియెన్ అనే కంపెనీ బ్రస్సెల్స్‌లో లిస్ట్ అయింది, కానీ దానికి వేరే వ్యాపారాలూ ఉన్నాయి. అది కొంటే ఈగలతో మందు మోయించడం మీద పందెం కట్టినట్టు కాదు. ఎక్కువగా ఈగల పెంపకం, మిత్ర పురుగుల అమ్మకం మీద పెట్టినట్టు.


కోనసీమ_కెనడా:

చాలా స్పష్టంగా ఉందండి. ఇప్పటికి కొనడం ఆపుతున్నాను. తదుపరి త్రైమాసిక లెక్కలు వచ్చాక నగదు నెలలు, వారంట్ల పట్టిక, పేటెంట్ల మీద తాకట్టు ఈ మూడూ తీసి ఇక్కడే పెడతాను. మళ్ళీ కొన్న ఎకరాలు ఎన్నో రాసి పంపమని కంపెనీ ఇన్వెస్టర్ రిలేషన్స్‌కి ఈమెయిల్ పెట్టాను, జవాబు వస్తే అదీ పెడతాను. కొన్నా టీఎఫ్‌ఎస్‌ఏలో కాదు, మామూలు ఖాతాలో, 5 వేలు కాక 1,500కే.


పద్దు_పుస్తకం:

మంచిది. వారంట్ల పట్టిక పెట్టేటప్పుడు ధర, గడువు తేదీలతో పాటు 'యాక్సిలరేషన్' షరతు ఉందేమో కూడా రాయండి. షేరు వరుసగా కొన్ని రోజులు ఫలానా ధర పైన నిలిస్తే గడువుని 30 రోజులకి కుదించే హక్కు కంపెనీకి ఉంటుంది. అది ఉంటే పైకి వెళ్ళే ధరకి అక్కడ అడ్డు పడుతుంది.